అరికాలి పుండుకు పిండికట్టు: మొదటి పరీక్ష నుంచి చెప్పుల దాకా (నా అనుభవం)

షుగర్ ఉన్నవాళ్ళకి బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు ఒక రకం పుండు పడుతుంది. చుట్టూ పసుపు తిరిగిన గట్టి ఆనె, మధ్యలో రూపాయి బిళ్ళంత గుంట. నొప్పి ఉండదు. నొప్పి లేదు కాబట్టి మనిషి నడుస్తూనే ఉంటాడు. రోజు విడిచి రోజు డ్రెస్సింగ్ కోసం బస్సు దిగి ఆస్పత్రి దాకా నడిచొచ్చేవాళ్ళే మా క్లినిక్‌లో ఎక్కువ. డ్రెస్సింగ్ చేసిన మేలు ఆ నడకతో పోతుంది. ఆయింట్‌మెంటు మార్చినా, యాంటీబయాటిక్ మార్చినా లాభం ఉండదు. పుండు మీద పడే బరువు తీసేస్తేనే అది మానుతుంది. ఆ బరువు తీయడానికి ఇప్పటికీ అన్నిటికన్నా గట్టి మార్గం, మోకాలి కింద నుంచి వేళ్ళ దాకా కాలికి అంటుకుని ఉండేలా వేసే పిండికట్టు. దీన్ని టోటల్ కాంటాక్ట్ కాస్ట్ అంటారు. చాలామంది దీని పేరు వినగానే బెదిరిపోతారు. అందుకే ఈ కట్టు దారి పొడుగునా ఏం జరుగుతుందో, ఎక్కడ చెడుతుందో రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. ఇది అమెరికా నుంచి దిగుమతైన పద్ధతి అనుకుంటారు గానీ, దీని పుట్టుక మన పొరుగునే. కుష్ఠు వల్ల స్పర్శ పోయిన పాదాలకు దక్షిణ భారతంలో పిండికట్లు వేసి పుండ్లు మాన్పేవారు. 1946లో వేలూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆస్పత్రికి వచ్చిన సర్జన్ పాల్ బ్రాండ్ ఆ పనిని ఎంతో ముందుకు తీసుకెళ్ళి, 1966లో అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆస్పత్రికి మారినప్పుడు వెంట తీసుకెళ్ళాడు. షుగర్ పాదాలకూ అదే పనిచేస్తుందని అక్కడ తేలింది. డయాబెటిక్ పాదాల మీద అంతర్జాతీయ వర్కింగ్ గ్రూప్ 2023లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు కూడా, అరికాలి ముందుభాగంలోనో మధ్యలోనో పడిన స్పర్శలేని పుండుకు మొదటి ఎంపిక మోకాలి దాకా ఉండే, రోగి విప్పుకోలేని కట్టో బూటో అనే చెప్పింది.

'విప్పుకోలేని' అన్న మాట దగ్గరే అసలు సంగతంతా ఉంది. విప్పుకునే వాకర్ బూటు కూడా ఒత్తిడిని దాదాపు అంతే తగ్గిస్తుంది, కానీ మనిషి దాన్ని వేసుకోడు. 2003లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, బూటు ఇచ్చిన రోగులు రోజంతా వేసిన అడుగుల్లో 28 శాతం మాత్రమే బూటుతో వేశారు. మిగతావన్నీ బూటు లేకుండా వేసినవే. మన ఇళ్ళలో గడప దగ్గర చెప్పులు విడవడం అలవాటు కాబట్టి ఇక్కడ అంతకన్నా మెరుగ్గా ఉంటుందని నేననుకోను. 2001లో మూడు పద్ధతుల్ని పోల్చి చూస్తే 12 వారాల్లో మానిన పుండ్లు పిండికట్టుతో 89.5 శాతం, విప్పుకునే బూటుతో 65 శాతం, పాదం ముందుభాగం నేలకు ఆనకుండా చేసే సగం చెప్పుతో 58.3 శాతం.

కట్టు వేసేముందు తేల్చుకోవాల్సినవి మూడు: కాలికి రక్తం అందుతోందా, చీము ఉందా, ఎముకకు పాకిందా.

రక్తం సంగతి చూడాలంటే పాదం పైభాగాన ఒకచోట, లోపలి చీలమండ ఎముక వెనక ఒకచోట నాడి పట్టి చూస్తాం. తర్వాత రక్తప్రవాహాన్ని శబ్ద తరంగాలతో పట్టే డాప్లర్‌తో చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగిస్తాం. 0.9 నుంచి 1.3 మధ్య వస్తే మామూలు. 1.3 దాటితే సంబరపడకూడదు. ఏళ్ళ తరబడి షుగర్ ఉన్నవాళ్ళలో రక్తనాళాల గోడల్లో సున్నం పేరుకుంటుంది, కఫ్ ఎంత బిగించినా అవి నొక్కుకోవు, అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. అప్పుడు బొటనవేలి దగ్గర బీపీ చూడాలి. అది 30 కన్నా తక్కువ వస్తే కట్టు మాట పక్కనపెట్టి ముందు వాస్క్యులర్ సర్జన్ దగ్గరికి పంపుతాం. రక్తం అందని కాలికి కట్టు బిగిస్తే వేళ్ళు నల్లబడతాయి.

చీము సంగతి కళ్ళకే కనిపిస్తుంది. పుండు అంచు నుంచి ఎరుపు 2 సెంటీమీటర్లకు మించి పాకితే, లోతున చీము ఉంటే, జ్వరం ఉంటే ముందు వాటి పని చూడాలి. ఇన్ఫెక్షన్ గుర్తులేమీ లేని పుండుకు మాత్రం యాంటీబయాటిక్ అక్కర్లేదు. పుండు పైపైన దూదితో తుడిచి కల్చర్‌కు పంపితే చర్మం మీదుండే సూక్ష్మజీవులన్నీ రిపోర్టులో వచ్చేస్తాయి, వాటికి మందులు రాసుకుంటూ పోతారు. పంపాల్సింది, పుండు శుభ్రం చేశాక అడుగు నుంచి తీసిన చిన్న కండముక్క.

ఎముక కోసం మొండి స్టీలు ప్రోబ్‌ని పుండులోకి మెల్లగా దించుతాం. అడుగున గట్టిగా రాయిలా తగిలితే ఎముక దాకా వెళ్ళిందని అనుమానించాలి. రక్తపరీక్షలో ఈఎస్ఆర్ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే అంకె) 70 దాటితే అనుమానం ఇంకా బలపడుతుంది. ఎక్స్‌రే తీస్తాం కానీ మొదటి రెండు మూడు వారాలు అందులో మార్పు కనపడకపోవచ్చు. అందుకే మొదటి ఎక్స్‌రే శుభ్రంగా ఉందని ఊరుకోకుండా మళ్ళీ తీస్తాం. వెడల్పు కన్నా లోతు ఎక్కువున్న పుండుకూ ఈ కట్టు వేయం. పైన మూతపడి లోపల గుంట మిగిలిపోతుంది.

స్పర్శ పరీక్షకు 10 గ్రాముల నైలాన్ దారం, 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు చాలు. ఇంట్లోవాళ్ళు పరికరం లేకుండా చేయగలిగేది కూడా ఒకటుంది. రోగిని కళ్ళు మూసుకోమని, రెండు పాదాల్లోనూ ఒకటి, మూడు, ఐదో వేళ్ళ కొసల్ని వేలితో మెత్తగా ఒకటి రెండు సెకన్లు తాకాలి. గుచ్చకూడదు, నిమరకూడదు. ఆరింటిలో రెండు, అంతకన్నా ఎక్కువ చోట్ల తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే.

ఇక ఆనె తీయడం. కట్టు కన్నా ముందు తప్పనిసరిగా చేయాల్సిన పని ఇదే, అయినా చాలాచోట్ల వదిలేసేదీ ఇదే. గట్టిపడిన ఆనె పుండు మీద రాయిలా కూర్చుని అడుగడుగునా లోపలికి నొక్కుతుంది. దాన్ని తీస్తేనే ఆ చోట ఉన్న ఒత్తిడిలో దాదాపు నాలుగో వంతు పోతుంది. బ్లేడుని చర్మానికి దాదాపు సమాంతరంగా పట్టుకుని పలచటి పొరలుగా చెక్కుకుంటూ పోవాలి. ముందు పసుపు పొర, తర్వాత తెల్లటిది, చివరికి గులాబీ రంగు చర్మం. అక్కడక్కడా సన్నగా నెత్తురు చుక్కలు కనిపించగానే ఆపాలి. పుండు అంచు లోపలికి మడతపడి ఉంటే దాన్నీ తీసేయాలి, లేకపోతే కొత్త చర్మం పాకడానికి దారి ఉండదు. ఇదంతా అయ్యాక చూస్తే పుండు వచ్చినప్పటికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. పక్కనున్న కొడుకో కోడలో "ఇదేంటండీ, ఇంత పెద్దది చేసేశారు?" అని గాభరా పడటం మామూలే. ఆనె కింద దాక్కున్న అసలు సైజు అదేనని ముందే చెప్పి బ్లేడు పట్టుకుంటే ఆ తగువు ఉండదు. పొడవు, వెడల్పు కొలిచి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి ఉంచుకోవాలి. తర్వాత ప్రతివారం దానితోనే పోల్చి చూసుకుంటాం.

కట్టుకు కావాల్సిన సామాన్లు: 4 అంగుళాల స్టాకినెట్ (మేజోడులా సాగే గుడ్డ గొట్టం), 6 మిల్లీమీటర్ల మందం ఫెల్ట్ (నొక్కి చేసిన మందపాటి ఉన్ని గుడ్డ), కాస్త మెత్తటి ఫోమ్, దూది చుట్ట ఒకటి, 4 అంగుళాల పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) చుట్టలు రెండో మూడో, ఫైబర్ (ఫైబర్‌గ్లాస్) చుట్టలు రెండు మూడు, అడుగున బిగించే రబ్బరు మడమ.

రోగిని బోర్లా పడుకోబెట్టి మోకాలు పైకి మడిపిస్తే పని సులువు. పిక్క కండ సడలుతుంది, చీలమండను 90 డిగ్రీల్లో నిలబెట్టొచ్చు. పుండు మీద పలచటి డ్రెస్సింగ్ చాలు. మందంగా పెడితే అదే కొత్త ఒత్తిడి అవుతుంది. చెమటకు చర్మం నానకుండా వేళ్ళ సందుల్లో కొంచెం దూది. స్టాకినెట్ తొడిగి చీలమండ దగ్గర పడే మడతని కోసి సర్దాలి. ఆ మడతను వదిలేస్తే వారం తిరిగేసరికి అక్కడ చర్మం ఒరుసుకుపోతుంది. ముంగాలి ఎముక వెంబడి పొడుగ్గా ఒక ఫెల్ట్ ముక్క, రెండు చీలమండ ఎముకల మీద చెరో ముక్క. ఫెల్ట్ అంచుల్ని ఏటవాలుగా కోస్తాం, నిట్టనిలువు అంచు చర్మంలో గీత పడేస్తుంది. వేళ్ళ మీదుగా ఫోమ్.

ఎముక విరిగినప్పుడు వేసే కట్టుకీ దీనికీ తేడా దూదిలో ఉంది. అక్కడ దూది దండిగా చుడతారు. ఇక్కడ ఒక్క పలచటి పొరే. దూది ఎక్కువైతే రెండు రోజుల్లో అణిగిపోయి, లోపల ఖాళీ ఏర్పడి, కాలు పైకీ కిందికీ ఆడుతుంది. కట్టు కాలికి అంటుకుని ఉండాలి. అప్పుడే పిక్క చుట్టూ ఉన్న గోడ బరువు మోస్తుంది. పాదానికి దిగాల్సిన బరువులో దాదాపు 30 శాతం ఆ గోడే తీసుకుంటుంది. మిగిలింది అరికాలు అంతటా పరుచుకుంటుంది. ఈ కట్టుని చీలమండ దగ్గరే ఆపేస్తే పిక్క గోడ ఉండదు కాబట్టి ఆ మేలు పోతుంది.

పీఓపీ చుట్టని మామూలు చల్లటి నీళ్ళలోనే ముంచాలి. త్వరగా గట్టిపడుతుందని వేడినీళ్ళు వాడితే ప్రమాదం. పీఓపీ గట్టిపడేటప్పుడు తనంతట తానే వేడెక్కుతుంది, దానికి ఆ నీళ్ళ వేడి తోడైతే చర్మం కాలుతుంది, రోగికి తెలియను కూడా తెలియదు. బుడగలు రావడం ఆగాక తీసి, మెల్లగా పిండి, లాగకుండా దొర్లిస్తూ చుట్టాలి. చుట్టేటంతసేపూ అరచేతులతో పాముతూ అరికాలి వంపుకి, మడమకి, పిక్కకి అంటుకునేలా అద్దాలి. వేళ్ళ కొసలతో పట్టుకోకూడదు. వేలు నొక్కినచోట లోపల గుబ్బ తేలుతుంది, రేపు అదే కొత్త పుండు. సహాయకుడు పాదాన్ని పట్టుకునేది కూడా చదునైన అరచేత్తోనే. మీద ఫైబర్ పొరలు, అడుగు చదునుగా సర్ది రబ్బరు మడమ, దానిమీద మళ్ళీ ఫైబర్. వేళ్ళ ముందుభాగం కూడా మూసేస్తాం. ఇసుకరేణువు లోపలికి పోతే రోగికి తెలియదు కాబట్టి.

పైన ఫైబర్ ఉన్నా లోపలి పీఓపీ పూర్తిగా ఆరడానికి టైం పడుతుంది. ఆ రోజుకి కాలు మోపొద్దంటాం. పీఓపీ లేకుండా మొత్తం ఫైబర్‌తోనే వేస్తే అరగంటలో నడవొచ్చు, ఖర్చు ఎక్కువ, అద్దడానికి చెయ్యి తిరిగి ఉండాలి. అద్దే చెయ్యి లేనిచోట, విప్పుకునే వాకర్ బూటునే తొడిగి దాని చుట్టూ ఫైబర్ చుట్ట ఒకటి బిగించేస్తే సరిపోతుంది. ఫలితం పిండికట్టుకు దీటుగానే ఉందని 2005లో ఒక అధ్యయనం తేల్చింది. మన జిల్లా స్థాయి ఆస్పత్రులకు ఇదే సరైన దారని నా అభిప్రాయం.

కట్టుతో ఆ కాలు సుమారు 2 సెంటీమీటర్లు ఎత్తు పెరుగుతుంది. రెండో కాలి చెప్పుకి అంత ఎత్తు అట్ట వేయించకపోతే వారంలో నడుము నొప్పి మొదలవుతుంది, మంచి కాలి మీద భారం పెరిగి అక్కడ పుండు పడే ప్రమాదమూ ఉంది. చెప్పులు కుట్టే అతనికి కొలత రాసిచ్చి ఆ రోజే వేయించుకురమ్మంటాం.

ఇంటికెళ్ళాక వచ్చే మొదటి ఇబ్బంది బాత్రూమ్. చీలమండ కదలదు కాబట్టి కింద కూర్చునే దొడ్డి కుదరదు. పడిపోతారు. మధ్యలో రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీ కట్టు వేయకముందే తెచ్చిపెట్టుకోవాలి. స్నానానికి పాలిథిన్ కవరు తొడిగి పైన టేపు, కాలు బయటికి పెట్టి స్టూలు మీద కూర్చుని పోసుకోవాలి. కుడికాలైతే కారు నడపడం బంద్. రాత్రి కట్టు అంచు రెండో కాలిని గీకకుండా మధ్యలో దిండు. దురద పుడితే చీపురుపుల్ల దూర్చకూడదు. ఎండాకాలంలో ఈ దురద మరీ ఎక్కువ, ఏప్రిల్, మే నెలల్లో కట్టుని వారానికి ఒకసారి తప్పకుండా మారుస్తాం. ముసురు రోజుల్లో తడి వాకిట్లో నడవకుండా చూసుకోవాలి.

ఇంకో ముఖ్యమైన మాట. కట్టు ఉందని తెగ తిరగమని కాదు. మునుపటి నడకలో మూడో వంతుకి తగ్గించమంటాం.

స్పర్శ లేని కాలు నొప్పితో హెచ్చరించదు కాబట్టి గుర్తులు వేరేచోట వెతకాలి. కారణం లేకుండా షుగర్ పెరగడం, చలిజ్వరం, గజ్జల్లో బిళ్ళ కట్టడం, కట్టు మీద తడి మరక, కుళ్ళు వాసన, పిక్కలో బిగుతు, కట్టు వదులై కాలు లోపల ఆడటం, పగులు. వీటిలో ఏ ఒక్కటి కనపడినా అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా అదే రోజు రావాలి. షుగర్ పెరగడం చాలాసార్లు వాసన కన్నా ముందే కనిపిస్తుంది. అందుకే కట్టు ఉన్నన్నాళ్ళూ గ్లూకోమీటర్‌తో రోజూ చూసుకోమని చెబుతాం.

మొదటి కట్టు రెండు మూడు రోజుల్లోనే మార్చాలి. "మొన్ననే వేశారు కదండీ" అని చాలామంది రారు. కాలి వాపు తీయడం ఈ కట్టు మొదట చేసే పని. వాపు తీశాక అదే కట్టు వదులైపోతుంది. వదులైన కట్టు పుండు మాన్పకపోగా కొత్తది తెస్తుంది. తర్వాత వారానికో పది రోజులకో ఒకసారి. విప్పేటప్పుడు రంపాన్ని కట్టు వెంట ఈడ్చకుండా పైకీ కిందికీ ఎత్తి దించుతూ కోయాలి, బ్లేడు వేడెక్కితే ఆగాలి. ఎముక గుబ్బల మీదుగా కోత పోనివ్వకూడదు. విప్పినప్పుడల్లా కాలు మొత్తం వెలుతురులో చూసి, కొత్త ఎరుపు ఎక్కడైనా ఉంటే తర్వాతి కట్టులో ఆ చోటు సర్దుకుంటాం. ఆనె మళ్ళీ కాస్త పేరుకుంటుంది, మళ్ళీ చెక్కుతాం.

అంతా సరిగా సాగితే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మూసుకుంటుంది. నాలుగు వారాలకు వైశాల్యం సగానికి తగ్గకపోతే ఏదో లెక్క తప్పినట్టు: రక్తం, ఎముక, కట్టు బిగువు మళ్ళీ మొదటి నుంచి చూస్తాం. పిక్క నరం (ఇక్కడ నరం అంటే స్పర్శ నరం కాదు, కండను ఎముకకు కలిపే తాడు, టెండన్) బిగిసి చీలమండ పైకి వంగనివాళ్ళలో ముందుపాదం మీద భారం తగ్గదు. వాళ్ళకి మడమ నరాన్ని పొడుగు చేసే చిన్న ఆపరేషన్ ఉపయోగపడుతుంది. 2003లో వచ్చిన అధ్యయనంలో కట్టు ఒక్కటే వేసినవాళ్ళలో ఏడు నెలల్లో 59 శాతం మందికి పుండు తిరగబెడితే, ఈ ఆపరేషన్ కూడా చేసినవాళ్ళలో 15 శాతం మందికే తిరగబెట్టింది.

వేలి కొస మీది పుండు సంగతి వేరు. వంకర తిరిగిన వేలు కొస నేలకు గుచ్చుకోవడం వల్ల వచ్చేది అది. వేలు చేత్తో తిన్నగా అయ్యేలా ఉంటే, మత్తు సూది ఇచ్చి లావు సూదితోనే వేలు కింది నరాన్ని (టెండన్‌ని) తెంపుతారు, కుట్టు కూడా అవసరం పడదు. 2023 మార్గదర్శకాలు దీన్ని ముందుకు తెచ్చాయి, అంతకన్నా తేలికైన పని ఈ విభాగంలో ఇంకోటి లేదు. డ్రెస్సింగుల్లో కొత్తవి చాలా అమ్ముతున్నారు. వెండి, తేనె, గ్రోత్ ఫ్యాక్టర్ల మీద డబ్బు పెట్టొద్దనే ఆ మార్గదర్శకాలు అంటున్నాయి. రక్తం కొంత తక్కువున్న, చీము లేని మొండి పుండుకు మాత్రం సుక్రోజ్ ఆక్టాసల్ఫేట్ డ్రెస్సింగ్ పనికొస్తుంది. 2018 అధ్యయనంలో 20 వారాలకు మామూలు డ్రెస్సింగ్‌తో 30 శాతం మూసుకుంటే దీనితో 48 శాతం మూసుకున్నాయి. ఆనెకాయ పడినప్పుడు మందుల షాపులో కొనే కార్న్ క్యాప్ అయితే షుగర్ ఉన్నవాళ్ళు అసలు ముట్టుకోకూడదు, అందులోని యాసిడ్ మంచి చర్మాన్నీ తినేస్తుంది.

పుండు మూసుకోగానే కట్టు తీసేయం. ఆ చర్మం పలచన, ఇంకో వారం రెండు వారాలు ఉంచి చెప్పుల్లోకి మారుస్తాం. మానిన పుండ్లలో 40 శాతం ఏడాదిలోపే తిరగబెడతాయి కాబట్టి ఇక్కడే జాగ్రత్త ఎక్కువ కావాలి. చెప్పుకి పైన ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్) అనే మెత్తటి రబ్బరు, కింద గట్టి సోల్, వెనక పట్టీ, ఎక్కడా మేకు ఉండకూడదు. బొటనవేలు దూర్చే హవాయి రకం వద్దు. కొనేటప్పుడు ఎంసీఆర్‌ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి చూడండి. సగం మందానికి అణగాలి. వదలగానే తిరిగి లేవాలి. ఆరు నెలలకి అణిగిపోతుంది, అప్పుడు పొర మార్పించాలి. ఒత్తిడి కొలిచే సెన్సార్ ఉన్నచోట నడిపించి చూస్తే, పాత పుండు చోట 200 కిలోపాస్కల్స్ లోపు రావాలి. ఇంట్లో తిరగడానికీ ఇలాంటిదే ఇంకో జత ఉండాలి, గుడికి వెళ్ళినప్పుడు కనీసం మందపాటి మేజోళ్ళయినా. మధ్యాహ్నం ఎండలో కాలిన బండల మీద ప్రదక్షిణలు చేసి అరికాళ్ళు బొబ్బలెక్కించుకుని వచ్చేవాళ్ళని ప్రతి వేసవిలో చూస్తాం.

చివరగా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్. కరోనా రోజుల్లో కొన్న గన్ ఇంట్లో ఉంటే, దాన్ని వస్తువుల వేడి చూపే మోడ్‌లో పెట్టాలి. నుదురు మోడ్‌లో పాదానికి సరైన అంకె రాదు. రోజూ ఒకే వేళకి, రెండు పాదాల్లోనూ ఆరేసి చోట్ల చూడాలి: బొటనవేలు, ఒకటి, మూడు, ఐదో వేళ్ళ మొదళ్ళు, పాదం మధ్యలో లోపలి వైపు, బయటి వైపు. ఈ పాదానికీ ఆ పాదానికీ అదే చోట 2.2 డిగ్రీల సెల్సియస్ కన్నా ఎక్కువ తేడా రెండు రోజులు వరసగా వస్తే లోపల కమిలిపోతోందని అర్థం. పుండు లేకుండానే పాదం మొత్తం వేడెక్కి వాచితే అది షార్కో పాదం (స్పర్శ పోయిన పాదంలో ఎముకలు, కీళ్ళు దెబ్బతినే జబ్బు) కావచ్చు, ఎముకలు కుంగకముందే కట్టు పడాలి, ఆ రోజే రావాలి. ఒక్కచోటే వేడి ఉంటే నడక తగ్గించి ఫోన్ చేయమంటాం. చర్మం చిట్లకముందు వస్తే ఆనె చెక్కి, చెప్పులో పొర సరిచేసి పంపేస్తాం. కట్టు దాకా పోదు.